98 శాతం వచ్చింది, కానీ మా కొండ సంగతి చెప్పడం లేదు

ప్రశ్న: మాది విజయవాడలో కొండ మీద ఇల్లు. రోడ్డు నుంచి వంద మెట్లకు పైనే ఎక్కాలి. నేను గుంటూరులో హాస్టల్లో ఉండి బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు కదా. అప్పటి నుంచి వాన గట్టిగా పట్టిందంటే మా అమ్మ నిద్రపోదు. అందుకే ఉపగ్రహ చిత్రాల్లో కొండచరియలను డీప్ లెర్నింగ్‌తో గుర్తించడమే ప్రాజెక్టుగా తీసుకున్నాం. ఉచితంగా దొరికే ‘ల్యాండ్‌స్లైడ్ ఫర్ సెన్స్’ డేటాసెట్‌తో చిత్రంలో ఏ భాగం ఏమిటో గుర్తుపట్టే యూ-నెట్ మోడల్‌కు ట్రైనింగ్ ఇచ్చాం. ఆక్యురసీ 98 శాతం వచ్చింది. సార్ మెచ్చుకున్నారు. తర్వాత విజయవాడ చిత్రాలు దించుకుని అదే మోడల్‌కు ఇచ్చాను. కృష్ణలోని ఇసుక తిన్నెలనీ కొండపల్లి వైపు క్వారీలనీ కొండచరియలంటోంది. నిజంగా విరిగిపడిన చోట మాత్రం ఏమీ లేదంటోంది. మా టీమ్‌లో వాళ్లు ‘98 వచ్చింది కదా, విజయవాడ సంగతి రిపోర్టులో రాయొద్దు’ అంటున్నారు. అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా ‘మన ఇల్లు పడుతుందో లేదో నీ కంప్యూటర్ చెప్తుందా’ అని అడుగుతోంది. వచ్చే నెల ఫైనల్ రివ్యూ. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? పేరు వేయకండి.

సమాధానం: ముందుగా మీ అమ్మగారి ప్రశ్నకే జవాబు చెప్తాను. చెప్పదు. మీ మోడల్ ఎంత బాగా కుదిరినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. దానికి మీరు నేర్పింది ‘ఈ చిత్రంలో చరియ విరిగిన చోటు ఎక్కడ ఉంది’ అన్న ఒక్కటే. అంటే జరిగిపోయినదాన్ని వెతకడం. అమ్మగారు అడుగుతున్నది జరగబోయేదాని గురించి. ఈ రెండూ వేర్వేరు పనులు. రెండోదానికి చిత్రం ఒక్కటే చాలదు. వాలు ఎంత, రాయి ఏ రకం, దాని మీద మట్టి ఎంత మందం, నీళ్లు ఎటు ఇంకుతున్నాయి, కొండ అడుగు ఎవరు ఎంత తవ్వారు, వాన ఎంతసేపు కురిసింది, ఇవన్నీ కావాలి. కాబట్టి మోడల్ సరిగ్గా పని చేసి ఉంటే అమ్మకు ధైర్యం చెప్పగలిగేదాన్ని అన్న బాధ ఉంటే దాన్ని దించేసుకోండి. ఆ ధైర్యం వేరే దారిలో తెచ్చుకోవాలి. దాని గురించి చివర్లో రాస్తాను.

ఇప్పుడు ఆ 98 సంగతి. ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ నేర్పడమే చాలా ఏళ్లుగా నా పని. ఈ అంకెను నమ్మి మోసపోయిన పిల్లల్ని ఎంతోమందిని చూశాను. తప్పు పిల్లలది కాదు. ఆ అంకె ఎలా వస్తుందో ఎవరూ విప్పి చెప్పకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. అందుకే కాగితం, పెన్ను పెట్టుకుని నాతో పాటు లెక్క వేయండి.

మీ డేటాలో ఒక్కో ముక్క 128 బై 128 పిక్సెళ్లు, అంటే చిత్రంలోని చిన్న చిన్న గళ్లు. మొత్తం 16,384. అందులో చరియ విరిగిన భాగం వందకు రెండు పాళ్లు అనుకుందాం. ఇలాంటి డేటాలో సాధారణంగా ఉండేది అంత కొంచెమే. అంటే 328 పిక్సెళ్లు. ఇప్పుడు ఏమీ నేర్చుకోని ఒక మోడల్ ఉందనుకోండి. ఏ చిత్రం ఇచ్చినా ‘కొండచరియ లేదు’ అని తెల్లకాగితం ఇస్తుంది. అది తప్పు చెప్పింది 328 పిక్సెళ్ల దగ్గరే. మిగతా 16,056 దగ్గర చెప్పింది నిజమే. ఆక్యురసీ 98 శాతం.

ఇంకో మోడల్ తీసుకుందాం. ఇది నిజంగా కష్టపడింది. 400 పిక్సెళ్లను కొండచరియ అని గుర్తుపెట్టింది. వాటిలో 200 నిజంగా కొండచరియే. మిగతా 200 పొరపాటు. అసలైన 328లో 128 దానికి దొరకలేదు. తప్పులు మొత్తం 200, 128 కలిపి 328. ఆక్యురసీ మళ్లీ అదే 98! తెల్లకాగితం ఇచ్చిన మోడల్‌కీ, సగానికి పైగా చోటును పట్టుకున్న మోడల్‌కీ ఒకే మార్కు వేసే పరీక్ష ఇది. దీన్ని రిపోర్టు మొదటి పేజీలో పెట్టుకోవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

అదే ఎఫ్-1 స్కోరు చూస్తే తేడా తెలిసిపోతుంది. మోడల్ ‘ఇది కొండచరియ’ అన్నవాటిలో ఎన్ని నిజమో చెప్పేది ప్రిసిషన్, 400లో 200, అంటే 50 శాతం. నిజంగా ఉన్నవాటిలో ఎన్ని దొరికాయో చెప్పేది రీకాల్, 328లో 200, అంటే 61 శాతం. రెండూ కలిపిన ఎఫ్-1 దాదాపు 55. తెల్లకాగితం మోడల్‌కు సున్నా. ఐఓయూ అని ఇంకొకటి ఉంది. మోడల్ గుర్తుపెట్టిన చోటునూ అసలు చోటునూ కలిపితే వచ్చే మొత్తంలో, రెండూ ఒప్పుకున్న భాగం ఎంత అని చూస్తుంది. ఇక్కడ 528లో 200, అంటే 38 శాతం. ఈ అంకెలు చూడగానే మీ టీమ్‌లో వాళ్ల ముఖాలు చిన్నబోతాయని తెలుసు. కానీ ఈ రంగంలో పని చేసేవాళ్లు అడిగేవి ఇవే. రివ్యూకు వచ్చే బయటి ఎగ్జామినర్‌కు కాస్త తెలిసి ఉంటే ఆయన మొదటి ప్రశ్నే ఇది. ఆయన అడిగాక తడుముకోవడం కన్నా మీరే ముందు చెప్పడం మేలు.

మోడల్‌ను సరిచేయడం మరీ కష్టం కాదు. లాస్‌ను, అంటే ట్రైనింగ్‌లో మోడల్ ఎంత తప్పు చేసిందో చెప్పే అంకెను, లెక్కించేటప్పుడు కొండచరియ పిక్సెళ్లకు ఎక్కువ బరువు ఇవ్వండి. లేదంటే డైస్ లాస్, ఫోకల్ లాస్ అనే వేరే లెక్కలు పెట్టి చూడండి. అరుదైన వస్తువును మోడల్ పట్టించుకోకుండా వదిలేయకుండా చూసేవే ఇవి. యూ-నెట్‌ను మార్చాల్సిన పని లేదు. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు సూక్ష్మదర్శినిలో తీసిన కణాల చిత్రాల కోసం దాన్ని తయారు చేశారు. కొద్దిపాటి చిత్రాలతోనే నేర్చుకుంటుంది కాబట్టి మన పనికీ బాగానే కుదురుతుంది. కొత్త కొత్త పేర్లున్న మోడళ్ల వెంట ఈ నెల రోజుల్లో పరిగెత్తకండి. మీ చిక్కు మోడల్‌లో కన్నా డేటాలోనే ఎక్కువగా ఉంది.

విజయవాడ దగ్గర అది ఎందుకు బోల్తా పడిందో ఇప్పుడు చూద్దాం. నన్నడిగితే మీ ప్రాజెక్టు మొత్తంలో విలువైన భాగం అదే. రిపోర్టులో వద్దనుకుంటున్నది కూడా దాన్నే!

ఆ డేటాసెట్‌లో ఉన్న చోట్లు జపాన్‌లోని ఇబురి, కర్ణాటకలోని కొడగు, నేపాల్, తైవాన్. అన్నీ పచ్చటి కొండలే. అక్కడ చరియ విరిగితే చెట్లతో సహా ఊడిపోయి, పచ్చదనం మధ్య గోధుమరంగు గీత పడుతుంది. మీ మోడల్ నేర్చుకున్నది అదే, ‘పచ్చదనం నడుమ ఉత్త నేల కనిపిస్తే అది కొండచరియ’. అలాంటిదాన్ని మన ఊరికి తెచ్చారు. మన కొండల మీద దట్టమైన అడవి లేదు. రాళ్లు, ముళ్లపొదలు, వాటి మధ్య ఇళ్లు. ఎండాకాలంలో ఎక్కడ చూసినా ఉత్త నేలే. బ్యారేజీ దిగువన ఇసుక మెరుస్తూ ఉంటుంది. క్వారీ అంటే మనుషులే కొండను విరిచిన చోటు, పైనుంచి చూస్తే అచ్చం కొండచరియలాగే ఉంటుంది. పాపం, మోడల్ తనకు తెలిసినదే చెప్పింది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి ఆరబోసే రోజుల్లో తీసిన చిత్రం ఇస్తే ఆ కల్లాలను ఏమంటుందో కూడా చూడండి. నేనైతే ఆ చిత్రాన్ని తప్పకుండా రిపోర్టులో పెడతాను.

అయితే ఇసుక తిన్నె దగ్గర నాకు ఇంకో అనుమానం ఉంది. మీ డేటాలో 14 పొరలుంటాయి. వాటిలో 12 పొరలు యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం ఇచ్చే రంగులవి, మిగతా రెండూ వాలు, ఎత్తు. నదిలో ఇసుక చదునుగా ఉంటుంది కదా, వాలు పొరను మోడల్ సరిగ్గా వాడుకుంటే చదునైన చోట కొండచరియ అనే మాటే రాకూడదు. వచ్చిందంటే మీరు ఇచ్చిన వాలు విలువలు ట్రైనింగ్‌లో ఉన్న కొలతలో లేవేమో. అక్కడ ఒక రకంగా సర్దిన అంకెలు ఉండి, మీరు డిగ్రీల్లో ఇస్తే మోడల్‌కు అది వేరే భాష. రంగుల పొరలకూ ఇదే వర్తిస్తుంది. రెండు డేటాల్లోనూ ఒక్కో పొర కనిష్ఠం, గరిష్ఠం, సగటు పక్కపక్కన వేసి చూడండి. గంట పని. ఇసుక తప్పులు దీనితోనే సగం పోయినా నేను ఆశ్చర్యపోను.

ఇక నిజంగా పడిన చోటు ఎందుకు దొరకలేదు? ఇది పూర్తిగా కొలతకు సంబంధించిన సంగతి. సెంటినెల్-2లో బాగా స్పష్టంగా ఉండే పొరల్లో కూడా ఒక పిక్సెల్ నేల మీద 10 మీటర్లు బై 10 మీటర్లు. అంటే 100 చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 120 గజాలు. కొండ మీద ఇళ్ల స్థలాలు ఎన్ని గజాలుంటాయో మీకు నేను చెప్పాలా? నలభై, యాభై గజాల ఇళ్లు రెండు మూడు కలిపితే ఒక్క పిక్సెల్. ఒక ఇంటిని నేలమట్టం చేసే బండరాయి ఆ చిత్రంలో కనిపించదు. మోడల్‌కు కళ్లు లేక కాదు, చిత్రంలోనే అది లేదు. 2024 జులై 30న వయనాడ్‌లో విరిగిన చరియతో పోల్చి చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం లెక్క ప్రకారం అక్కడ విరిగిన భాగం 86,000 చదరపు మీటర్లు. అంటే 21 ఎకరాలకు పైనే. శిథిలాలు నది వెంట దాదాపు 8 కిలోమీటర్లు పారాయి. సెంటినెల్-2 చిత్రంలో విరిగిన భాగం ఒక్కటే 860 పిక్సెళ్లు. అది మీ మోడల్‌కు దొరుకుతుంది. మన కొండ మీద రాయి దొరకదు.

కొండచరియ అని ఒకే మాట వాడుతున్నాం కానీ అవి ఒకే రకం కావు. కొడగులో, వయనాడ్‌లో రోజుల తరబడి వానకు నానిన మట్టి, నీళ్లు, చెట్లు కలిసి బురద ప్రవాహంలా కిందికి వచ్చాయి. మన కొండలు తూర్పు కనుమల కొసలు. ఖొండలైటు, చార్నకైటు రాళ్లు. ఖొండలైటు ఎండకూ వానకూ తొందరగా చివికిపోతుంది. పగుళ్లలో మట్టి చేరుతుంది, నీళ్లు దిగుతాయి, వేళ్లు దిగుతాయి. ఒక వానకు పట్టు వదిలేస్తుంది. ఊడి వచ్చేది ఎక్కువగా బండరాళ్లు, మట్టిపెళ్లలు. 2020 అక్టోబరు 21న దసరా ఉత్సవాల మధ్యలో ఇంద్రకీలాద్రి మీద రాళ్లు పడ్డాయి, గుర్తుందా? మొగల్రాజపురంలోనూ కొండ నుంచి ఊడిన రాళ్లూ మట్టే ఇళ్ల మీదికి వచ్చాయి. పెద్ద బురద ప్రవాహాలను చూసి నేర్చుకున్న మోడల్‌ను ఒక్క బండరాయిని గుర్తుపట్టమంటే అది ఎలా చేస్తుంది?

ఇంతకీ మీరు చేసిన పని వృథానా? కాదు. ఈ మాట నేను ఊరడించడానికి చెప్పడం లేదు. వయనాడ్ లాంటిది జరిగిన రోజు రోడ్లుండవు, వంతెనలుండవు, ఫోన్లు పలకవు. ఏ లోయలో ఎన్ని చోట్ల విరిగిందో కింద నిలబడ్డవాళ్లకు తెలియదు. అప్పుడు వందల చదరపు కిలోమీటర్ల చిత్రాన్ని మనిషి కూర్చుని చూస్తే గంటలు పడుతుంది. మోడల్ నిమిషాల్లో ‘ఈ ఇరవై చోట్లు చూడండి’ అని చెప్తే మనిషి అవే చూస్తాడు. 2023లో విడుదలైన మన దేశపు కొండచరియల అట్లాస్‌లో 1998 నుంచి 2022 దాకా జరిగిన దాదాపు 80,000 ఘటనలను 17 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో గుర్తించారు. అలాంటి జాబితాలను ఏటా పెంచుకుంటూ పోవాలంటే మీలాంటివాళ్లు చేసే మోడళ్లే చేతికింది మనుషులు. మన రాష్ట్రంలోనే అల్లూరి జిల్లా ఘాట్ రోడ్లున్నాయి, కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గం ఉంది. మీ మోడల్‌కు అక్కడ పని దొరుకుతుంది. మీ అమ్మగారి కొండ మీద మాత్రం దొరకదు.

ఉన్న నెలలో ఏం చేయొచ్చో చెప్తాను. వయనాడ్ చిత్రాలు, ఘటనకు ముందువీ తర్వాతవీ, సెంటినెల్ చిత్రాలుండే కోపర్నికస్ సైట్ నుంచి ఉచితంగా దించుకోండి. జులై, ఆగస్టుల్లో కేరళ మీద మబ్బులు తప్పవు కాబట్టి ఓపికగా వెతికి, మబ్బు లేని మొదటి చిత్రం పట్టుకోవాలి. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి విరిగిన చోటు హద్దు చేత్తో గీయండి. టీమ్‌లో ఇద్దరు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా గీయాలి. ఆ రెండు గీతల మధ్య ఎంత తేడా వచ్చిందో కొలవండి. మనుషులిద్దరికే 80 శాతం దగ్గర మాట కలిస్తే, మోడల్ నుంచి 95 ఆశించడం ఎలా కుదురుతుంది? ఆ తర్వాత ఆ చిత్రాన్ని మోడల్‌కు ఇచ్చి ఎఫ్-1 ఎంతో రాయండి. మీ 98 వచ్చిన పరీక్షలో ట్రైనింగ్ ముక్కలూ టెస్ట్ ముక్కలూ ఒకే కొండ నుంచి, పక్కపక్క నుంచి వచ్చి ఉండొచ్చు. ముందే పేపరు చూసినవాడు రాసిన పరీక్షలా ఉంటుంది అది. వయనాడ్‌ను మోడల్ ఎన్నడూ చూడలేదు కాబట్టి అక్కడ వచ్చే మార్కే అసలు మార్కు. 40 వస్తే 40 అని రాయండి.

క్వారీల గొడవ తగ్గాలంటే ఒక్క చిత్రం కాకుండా రెండు చిత్రాలు ఇవ్వండి, ముందుది, తర్వాతది. క్వారీ రెండింటిలోనూ ఉంటుంది, కొండచరియ రెండోదానిలోనే ఉంటుంది. మనం కూడా చేసేది అదే కదా, ‘నిన్న ఇక్కడ ఇలా లేదే’ అనుకుంటాం. దీంతో పాటు క్వారీలు, ఇసుక, కొండను తొలిచి వేసిన రోడ్లు ఉన్న ముక్కలు ఓ వంద సేకరించి ‘ఇవి కొండచరియలు కావు’ అని నేర్పండి. మబ్బుల కోసం సెంటినెల్-1 రాడార్ చిత్రాలు వాడొచ్చు, రాడార్ మబ్బుల గుండా చూస్తుంది. కానీ నిటారు వాలుల దగ్గర ఆ చిత్రం వంకర పోతుంది, కొంత భాగం కనిపించకుండా పోతుంది. దానికి వేరే చదువు కావాలి, ఈ నెలలో దాని జోలికి వెళ్లకండి.

ఇంకొక మాట. మోడల్ ఇచ్చే సంభావ్యత 0.5 దాటితే కొండచరియ అనుకోవాలని ఎక్కడా రాసి లేదు. మనుషుల్ని వెతికే పనికైతే నేను 0.3 దగ్గరే పెడతాను. నాలుగు ఇసుక దిబ్బలు అనవసరంగా చూడాల్సి వస్తే పోయేది పది నిమిషాలు. ఒక ఊరు తప్పిపోతే పోయేది ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ గీత ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో రిపోర్టులో ఒక పేరా రాయండి. అది చదివితే ఈ పిల్లలు మనుషుల గురించి ఆలోచించారని తెలుస్తుంది.

విజయవాడ ఫలితాన్ని దాచమంటున్న స్నేహితుల గురించి. వాళ్లను తప్పు పట్టను, మార్కుల భయం అలాంటిది. కానీ దాచకండి. ఒక అధ్యాయమే పెట్టండి, ఏ చిత్రం ఇచ్చాం, ఏం చెప్పింది, ఎందుకు అలా చెప్పింది, పిక్సెల్ ఎంత, ఇల్లు ఎంత. రేపు ఎవరైనా ‘కొండ ప్రాంతాల భద్రతకు ఏఐ’ అని ఒక యాప్ తయారు చేసి, పచ్చగుర్తు చూపించి, ఒక కుటుంబం దాన్ని నమ్మి ఆ రాత్రి ఇంట్లోనే పడుకుంటే? ఆ ఇంట్లో మీ అమ్మగారు ఉండొచ్చు. ఈ ఒక్క కారణం చాలు మీ స్నేహితులకు చెప్పడానికి. సార్‌కు కూడా మీరే ముందు చెప్పండి. మెచ్చుకున్న మనిషి దగ్గర ఈ మాట ఎత్తడం కష్టంగానే ఉంటుంది, కానీ పైన వేసిన లెక్క కాగితం చేతిలో పెట్టండి, రెండు నిమిషాల్లో ఆయనకు అర్థమవుతుంది.

ఇక అమ్మగారి సంగతి. ఉపగ్రహానికి కనిపించనిది పక్కింటి మేడ మీద నిలబడితే కనిపిస్తుంది. మీరు ఇంటికి వెళ్లినప్పుడు ఇంటి వెనక కొండ ముఖం మొత్తం కనిపించే చోటు ఒకటి చూసుకోండి. నేల మీద పెయింట్‌తో రెండు పాదాల గుర్తు వేయండి. ప్రతి నెలా అక్కడే నిలబడి, అదే ఫోన్‌తో, అదే వేళకు ఫొటో తీయండి. గట్టి వాన వచ్చి వెళ్లిన మర్నాడు ఇంకొకటి. రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే కదిలిన రాయి, కొత్తగా బయటపడిన ఎర్రమట్టి, ఒరిగిన చెట్టు కళ్లకు కట్టినట్టు తెలుస్తాయి. కావాలంటే ఈ పోలికను చేసే చిన్న ప్రోగ్రామ్ రాయండి, మీకది ఒక సాయంత్రం పని. డ్రోన్ ఎగరేస్తే ఇంకా వివరంగా వస్తుంది కానీ ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో చూడాలి, అనుమతులు తీసుకోవాలి. గుడి ఉన్న కొండ దగ్గర అసలు ప్రయత్నించకండి.

గోడకో బండకో పగులుంటే దాని మీద అడ్డంగా సన్నటి గాజుముక్క సిమెంటుతో అతికించి తేదీ రాయండి. పగులు కదిలితే గాజు విరుగుతుంది. పాత ఇంజనీర్లు వాడే పద్ధతి ఇది, కరెంటు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. అమ్మగారు రోజూ పొద్దున పంపు దగ్గరికి వెళ్తూ చూస్తే చాలు. కొండ జారకుండా కట్టిన రిటైనింగ్ వాల్ ఉంటే అందులో నీళ్లు బయటికి పోయే బెజ్జాలుంటాయి, అవి మట్టితో, ప్లాస్టిక్ కవర్లతో పూడుకుపోయి ఉంటే తీయించండి. లోపల నిలిచిన నీళ్ల బరువే ఆ గోడను తోసేస్తుంది. మీ ఇంటి, పై ఇంటి బాత్రూమ్ నీళ్లు కొండలోకి ఇంకిపోకుండా కాలువలోకి వెళ్తున్నాయో లేదో కూడా చూడాలి. పై ఇంటివాళ్లతో ఈ మాట ఎత్తడం ఇబ్బందే, నలుగురూ కలిసి వార్డు సచివాలయంలో చెప్పి కాలువ కట్టించమని అడిగితే గొడవ లేకుండా అవుతుంది. ఆ అర్జీకి మీ ఫొటోలే సాక్ష్యం.

గోడ ఉబ్బడం, తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, కరెంటు స్తంభం ఒరగడం, కొండలోంచి బురదనీళ్లు కొత్తగా ఊరడం, చిన్న రాళ్లు ఒకటొకటిగా దొర్లడం. వీటిలో ఏది కనిపించినా, గట్టి వాన పడుతూ ఉంటే, మళ్లీ చూద్దామని ఆగకూడదు. కింద ఉన్న బంధువుల ఇంటికో పునరావాస కేంద్రానికో దిగిపోవాలి. 112కు గానీ 1070కి గానీ ఫోన్ చేయాలి. రాత్రి వాన మొదలయ్యాక తడిసిన మెట్లు దిగడం కూడా ప్రమాదమే, కాబట్టి భారీ వర్షం హెచ్చరిక వచ్చిన రోజు సాయంత్రం వెలుతురు ఉండగానే దిగాలి. ఎవరి ఇంటికి వెళ్లాలి, ఏ సంచి పట్టుకెళ్లాలి, పక్కింటి పెద్దవాళ్లను ఎవరు దింపుతారు అన్నది మృగశిర కార్తెకు ముందే మాట్లాడి పెట్టుకోండి. అమ్మగారికి నిద్ర పట్టకపోవడానికి కారణం కొండ ఒక్కటే కాకపోవచ్చు. వాన వస్తే ఏం చేయాలో ఎవరూ తేల్చి చెప్పకపోవడం కూడా.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘కంప్యూటర్ చెప్పదమ్మా, కానీ మనం చూసుకోవచ్చు, ఈ ఆదివారం వస్తున్నాను’ అని చెప్పండి. వెళ్లేటప్పుడు ఒక గాజుముక్క, గుప్పెడు సిమెంటు, చిన్న పెయింట్ డబ్బా పట్టుకెళ్లండి. మొదటి ఫొటో కొండ మీద ఎండ పడకముందే తీసేయండి. నీడలు కొండ మీదికి పాకితే పగుళ్లేవో నీడలేవో తేల్చుకోలేరు.